వాట్ పోలో పాదసేవ

బ్యాంకాక్ వెళ్ళిన తెలుగువాళ్ళు చాలామంది వాట్ పో గుడిలో శయన బుద్ధుణ్ణి చూసే వస్తారు. 46 మీటర్ల విగ్రహం. ముఖం దగ్గర ఫొటో దిగి వెనక్కి తిరిగేస్తుంటారు గానీ, నన్నడిగితే అసలు చూడాల్సినవి పాదాలు. మనిషి ఎత్తును మించిన ఆ అరికాళ్ళ మీద ముత్యపు చిప్పలు పొదిగి 108 శుభచిహ్నాలు దిద్దారు. ఆ పాదాలకు దండం పెట్టుకుని, అదే ఆవరణలో మామూలు మనుషుల పాదాలు ఒత్తే మండపం వైపు నడిచాను.

ఇక్కడి మర్దనా బడి 1955లో పెట్టిందే అయినా, విద్య పాతది. మూడో రామ రాజు 1830లలో ఈ గుడిని బాగుచేయిస్తూ, వైద్యులకు తెలిసిన సంగతులన్నీ రాళ్ళ మీద చెక్కించాడు. వాటిలో 60 ఫలకాలు మర్దనావే. మనిషి బొమ్మ, ముందు వైపు, వెనక వైపు, ఒళ్ళంతా గీతలు, గీతల మీద నొక్కాల్సిన చోట్లు. ఆ గీతలను థాయ్‌లు ‘సెన్’ అంటారు. ముఖ్యమైనవి పది. వాటిలో మొదటి మూడు ఇత, పింగళ, సుమన. యోగంలో చెప్పే ఇడ, పింగళ, సుషుమ్న నాడుల పేర్లు విన్నవాళ్ళకు ఈ చుట్టరికం వేరే చెప్పక్కర్లేదు. ఈ విద్యకు ఆదిగురువుగా వాళ్ళు కొలిచేది బుద్ధుడి వైద్యుడు జీవకుణ్ణి. రాజగృహంలో ఉన్న మనవాడే.

నా వంతు వచ్చింది. యాభై దాటిన ఆవిడ చేతులు జోడించి నమస్కరించి, కాళ్ళు కడిగి తుడిచి, ఒక కాలికి తువ్వాలు చుట్టేసి రెండోది ఒళ్ళో పెట్టుకుంది. కర్పూరం, పుదీనా కలిసిన వాసనేసే లేపనం రాసింది. ముందు మడమ నుంచి వేళ్ళ దాకా బొటనవేళ్ళతో పైకి తోసింది. తర్వాత వేలి కణుపులతో. ఆ తర్వాత తీసింది అసలు ఆయుధం. కొస గుండ్రంగా అరగదీసిన చిన్న కర్రపుల్ల. అరికాలి గుంటలో దాన్ని ఆనించి నొక్కేసరికి కుర్చీలోంచి లేచినంత పనయింది. ఆవిడ నవ్వి, పక్కనున్న పాదం పటంలో ఆ చోటు చూపించింది. పొట్ట! ఎక్కువ తింటావా అన్నట్టు సైగ చేసింది. బ్యాంకాక్‌లో తక్కువ తినేవాళ్ళెవరు?

నిజానికి ఆ గుంటలో ఎవరిని నొక్కినా కేక పెడతారు. మడమ కింద ఉన్నంత మందాన కొవ్వు అక్కడ ఉండదు. నరాలూ కండరాలూ కర్రకు సూటిగా తగులుతాయి.

చాలామంది నమ్మకం ఏమిటంటే, ఆ పటం కూడా రాతి ఫలకాలంత పాతదని. కాదు, అది అమెరికా సరుకు. విలియం ఫిట్జ్‌జెరాల్డ్ అనే చెవి, ముక్కు, గొంతు డాక్టరు ఒళ్ళంతటినీ నిలువుగా పది పట్టీలుగా విభజించి, ఒక పట్టీలో ఒక చోట నొక్కితే అదే పట్టీలో ఇంకోచోట నొప్పి తగ్గుతుందన్నాడు. 1917లో పుస్తకమూ వేశాడు. 1930లలో యూనిస్ ఇంగమ్ అనే ఆవిడ దాన్ని పాదాలకు దించింది. బొటనవేలు తల, మిగతా వేళ్ళు కళ్ళూ చెవులూ, వేళ్ళ కింది ఉబ్బు ఊపిరితిత్తులు, నడుమ పొట్టా పేగులూ, లోపలి అంచు వెన్నెముక. అరచేతికీ ఇలాంటి పటమే ఉంది. ఈ రోజు రిఫ్లెక్సాలజీ పేరుతో నడిచేది ఇదే. తమాషా ఏమిటంటే, ఒకరి పటానికీ ఇంకొకరి పటానికీ అన్నిచోట్లా పొంతన ఉండదు.

మరి పనిచేస్తుందా? 2009లో ఎడ్జార్డ్ ఎర్న్‌స్ట్ అనే పరిశోధకుడు అప్పటిదాకా జరిగిన పరీక్షలన్నీ జల్లెడపట్టి, ఏ జబ్బునైనా ఇది నయం చేస్తుందనడానికి నమ్మదగ్గ రుజువు లేదని తేల్చాడు. అరికాలి చుక్కకూ కాలేయానికీ ప్రత్యేకంగా కలిపే నరం శరీర నిర్మాణ శాస్త్రంలో కనబడదు. హాయి మాత్రం అబద్ధం కాదు. అరికాళ్ళూ అరచేతులూ స్పర్శను పట్టే నరాల కొసలతో నిండి ఉంటాయి. ఒకే వేగంతో నిదానంగా ఒత్తుతుంటే ఒళ్ళు సడలుతుంది, ఊపిరి నెమ్మదిస్తుంది, బిగుసుకున్న కండరం వదులవుతుంది. చివర్లో ఆవిడ నా చేతులు తీసుకుని, ఒక్కో వేలినీ లాగి చిటుక్కుమనిపించి, అరచేతి మొదట్లో బొటనవేలితో గుండ్రంగా తిప్పింది. అప్పటికి నేను సగం నిద్రలో ఉన్నాను. నేనిచ్చిన డబ్బు ఆ నిద్రకు, ఆవిడ చేతి పనితనానికి. పటానికైతే ఒక్క బాత్ కూడా ఇవ్వను.

పాదం నొక్కి కిడ్నీ జబ్బుందని చెప్పేవాళ్ళు మన ఊళ్ళలోనూ ఉన్నారు. ఆ మాట విని బెంగపడొద్దు, అనుమానముంటే రక్తపరీక్ష చేయించుకోండి. షుగరు ఉండి అరికాళ్ళు తిమ్మిరెక్కేవాళ్ళు కర్రతో నొక్కించుకోకూడదు. పుండు పడినా తెలియదు. ఒక కాలి పిక్క మాత్రమే వాచి నొప్పిగా ఉంటే అది రక్తం గడ్డ కావచ్చు. దాన్ని ఎవరిచేతా ఒత్తించుకోకుండా ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్ళండి.