నీళ్ల కాగు

మూలవాగు ఒడ్డునగల ఒక పల్లెనుండి, చలి ఇంకను విడువని ఒక ఉదయమున, డెబ్బదియేండ్లు దాటిన ముదుసలి యొకతె తన మనుమని ఆటోలో కూర్చుండబెట్టుకొని కోనరావుపేటలోని నా ఆసుపత్రికి మూడవమారు వచ్చినది. పిల్లవాడు అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రమున ఎం.ఎస్. చదువుచు సెలవులకు ఇంటికి వచ్చినవాడు. వచ్చిన పదునైదు దినములలో పండ్రెండు దినములు వాంతులతోనే గడపినాడు. మొదటిమారు నేను దానిని నీటిమార్పు అనుకొని సెలైనెక్కించి పంపితిని. రెండవమారు కరీంనగరమునకు పంపి పొట్టకు స్కానింగు, ఎండోస్కోపీ చేయించితిని. రెంటను దోషమేమియు కానరాలేదు. వాంతులు కట్టుటకు మేము నిత్యము వాడు మందులలో ఒక్కటియు అతనిపై పనిచేయలేదు. మూడవమారు నాకు తోచినది ఏమనగా, నిజము చెప్పవలెనన్న, ఏమియు తోచలేదు.

రోగనిదానము నాకు ఆ ముదుసలియే చేసిపెట్టినది. మందుచీటి చేతికిచ్చుచుండగా, నాతో కాక గోడతో చెప్పుకొన్నట్లు ఆమె అన్నది: "తిన్నదంత కక్కుతుండు, పొద్దుందాక తానాలే తానాలు. కాగుల నీళ్లు కాగబెట్టి కాగబెట్టి నా రెక్కలు పోయినయ్ సారూ. ఏడాదికని తెచ్చిన కట్టెలు గీ పది దినాలకే ఒడిసినయ్."

కలమును బల్లపై పెట్టితిని. ఎన్నిమార్లు స్నానము చేయునని అడిగితిని. ఎనిమిదిమార్లు, పదిమార్లు, నీళ్లు ఒంటిని కాల్చునంత వేడిగా ఉండవలెను, పోసుకొన్నంతసేపు వాంతి రాదు, కడుపునొప్పి ఉండదు, తుడుచుకొని వచ్చిన అరగంటకు మొదటికి వచ్చును. అంగీ పైకెత్తి చూడగా, మునుపు రెండుమార్లు నేను చేతితో తడిమియు కన్నులతో చూడని పొట్టపై, వలవలె అల్లుకొన్న గోధుమవన్నె మచ్చలుండెను. అవి వేడినీటి మచ్చలు. పొయ్యి ముందర కూర్చుండు మన ముసలమ్మల పిక్కలపై అట్టివే కనబడును.

పిల్లవాడు నా ముఖము చూచి గ్రహించినాడు. "నానమ్మను జర బయట కూసోమనుండ్రి సార్" అన్నాడు. ఆమె వెడలిన పిదప చెప్పినాడు. మూడేండ్లనుండి అనుదినము గంజాయి. అక్కడ దుకాణమున పాస్‌పోర్టు చూపి, బిల్లు తీసుకొని కొన్నది. వికారమునకు అదియే మందని మిత్రులు చెప్పగా మరికొంత హెచ్చించినాడు. పెట్టెలో ద్రాక్షపండు వాసనగల జిగురు మిఠాయిల డబ్బా యొకటి వెంట తెచ్చుకొని ఇచ్చటను చప్పరించుచున్నాడు. అంతయు చెప్పి అతడు నన్ను అడిగిన మొదటి ప్రశ్న తన రోగమును గూర్చినది కాదు. "అక్కడ తప్పు కాదు సార్. కానీ మీరిది కాయిదం మీద రాస్తరా?"

ఆ ప్రశ్నలో ఉన్నంత ధర్మశాస్త్రము నేను ఏ గ్రంథమునను చదువలేదు.

న్యూజెర్సీ ప్రజలు 2020 నవంబరులో ఓటువేసి గంజాయిని విడుదల చేసిరి. 2021 ఫిబ్రవరిలో చట్టమైనది. 2022 ఏప్రిల్ 21న దుకాణములు తెరచిరి. ఇరువదియొక్క యేండ్లు నిండినవాడు ఆరు ఔన్సులు, అనగా మన లెక్కను 170 గ్రాముల వరకు, వెంట ఉంచుకొనవచ్చును. వాసన వచ్చినదన్న ఒక్క కారణముతో పోలీసు అతనిని సోదా చేయరాదు. గంజాయిని ఇట్లు విడుదల చేసిన రాష్ట్రములు అచ్చట ఇప్పటికి 24 కలవు. అయినను వీసా నిచ్చునది, విమానాశ్రయమున ముద్ర కొట్టునది రాష్ట్రము కాదు, కేంద్రము. ఆ కేంద్రమునకు 1970 నాటి చట్టము ననుసరించి గంజాయి నేటికిని నిషిద్ధవస్తువే. పౌరుడు కానివాడు, శిక్ష పడినను పడకున్నను, గంజాయి ఉంచుకొంటినని అధికారి యెదుట ఒప్పుకొన్నంతమాత్రముననే దేశప్రవేశమునకు అనర్హుడు కాగలడు. రాష్ట్రములో న్యాయసమ్మతమైన గంజాయియైనను పౌరసత్వము కోరువాని సత్ప్రవర్తనకు భంగకరమే యని 2019 ఏప్రిల్‌లో అచ్చటి వలసశాఖ వ్రాతపూర్వకముగా తేల్చినది. కావున ఒకే గదిలో, ఒకే డబ్బానుండి ఇద్దరు మిత్రులు చెరియొక మిఠాయి తీసుకొన్నచో, అచ్చట పుట్టినవానికి అది వినోదము, జగిత్యాలనుండియో కోరుట్లనుండియో వెళ్లినవానికి తల్లిదండ్రులు భూమి తాకట్టుపెట్టి పంపిన చదువునకే గండము. ఆ డబ్బానే శంషాబాదులో దింపినప్పుడు అది మన చట్టమునకును నేరమైనది. దానిని అతడేమి చేసెనో నేను మరల అడుగలేదు.

ఈ వ్యాధికి ఇంకను తెలుగు పేరు లేదు. చిరకాలము గంజాయి సేవించినవారిలో కొందరికి కలుగు ఈ వమనరోగమును, దానితో కూడిన వేడినీటి వ్యామోహమును మొదట గుర్తించి 2004లో ప్రకటించినవారు దక్షిణ ఆస్ట్రేలియా రాష్ట్రమున అడిలైడ్ కొండప్రాంతపు వైద్యులు. రోగము ఆ రాష్ట్రముననే మొదట కంటబడుటకు చట్టము కూడ కొంత కారణమేమో యని నా ఊహ. ఋజువు చేయజాలను గాని విడువను జాలను. ఎందుకనగా ఆ రాష్ట్రము 1987లోనే గంజాయి సేవించువానిని జైలుకు పంపుట మాని, స్వల్పరుసుము చెల్లించిన చాలునని ఒక చీటి నిచ్చు పద్ధతి పెట్టినది. ఆ చీటికి వారు పెట్టిన పేరునకు సరియగు మన మాట ప్రాయశ్చిత్తమే. శిక్ష కాదు, ప్రాయశ్చిత్త పత్రము! ధర్మశాస్త్రములు వ్రాసిన మనవారికి గూడ తోచని సౌమ్యమైన పేరు. చీటి పుచ్చుకొన్నవాడు రుసుము కట్టిన, కోర్టు లేదు, కేసు లేదు.

అయితే ఆచరణలో జరిగినది వేరు. పూర్వము గంజాయి బీడీతో చిక్కినవానిని పట్టుకొనిపోయి, కాగితములు వ్రాసి, కోర్టుకు తిరుగు శ్రమకు ఓర్వక మందలించి విడిచిపెట్టు పోలీసు, చీటి చింపి ఇచ్చుట సులువగుటచే కంటబడినవానికెల్ల ఇచ్చుట మొదలుపెట్టినాడు. మొదటి సంవత్సరము రమారమి 6 వేలున్న చీటీలు 1993-94 నాటికి 17 వేలు దాటినవి. వాటిలో రుసుము చెల్లినవి సగము కూడ లేవు. చెల్లించనివారిలో అధికులు డబ్బులేనివారు. వారు తిరిగి కోర్టుకే ఎక్కిరి. ప్రాయశ్చిత్తము చేసికొను స్తోమత కలవానికి పాపము పోయినది, లేనివానికి నిలిచినది. ఇంటివాడుకకు పెంచుకొను మొక్కలను మొదట పదింటి వరకు చీటితో సరిపుచ్చుచుండిరి. 1999లో మూడింటికి, 2001లో ఒక్కదానికి తగ్గించిరి, వ్యాపారులు ఆ సందున దూరిరని. చట్టము సడలించుట ముడి విప్పుటవలె ఒక్క క్షణమున జరుగునది కాదు. ఒకవైపు విప్పుచుండగా మరియొకవైపు బిగుసుకొనుచుండును.

పిల్లవానికి చికిత్స సులువే. ద్రవములెక్కించి, పొటాషియము సరిచేసి, మనోరోగములకు వాడు ఒక పాతమందును స్వల్పమాత్రలో సూదివేయగా రెండు దినములలో వాంతులు నిలిచినవి. మిరపకాయలోని మంటద్రవ్యముతో చేసిన లేపనమును పొట్టపై రాచినను ఉపశమించునని ఇప్పుడు వైద్యులు కనిపెట్టినారు. వేడినీరును మిరపమంటయు నరములలో ఒకే ద్వారమును తట్టునట. ఈ సంగతి చెప్పగా నానమ్మ, "గదైతే మా ఇంట్ల బస్తెడున్నది" అన్నది. వలదు తల్లీ, అది వంటకే ఉంచుమని బ్రతిమాలవలసివచ్చినది. అసలు మందు మానుట యొక్కటే. అతడు మానినాడు. నా కేసుపుస్తకమున ఉన్నదున్నట్లు వ్రాసితిని. ఆ పుస్తకము నా బీరువా దాటదని అతనికి మాట ఇచ్చితిని.

ఆ మాట ఇచ్చుచున్నప్పుడే, అట్టి మాట ఇవ్వవలెనని నాకు తోచని మరియొక కుర్రవాడు జ్ఞప్తికి వచ్చినాడు.

అతడు సిరిసిల్లలో సాంచాలు, అనగా మరమగ్గములు, నడుపువాడు, ఇరువదిరెండేండ్లవాడు. పండ్రెండు గంటల రాత్రి డ్యూటీలో నిద్ర రాకుండుటకు మొదలైన దమ్ము, నిద్రయే రాని స్థితికి తెచ్చినది. సాంచాల చప్పుడులో తన పేరు వినవచ్చుచున్నదని, ఆసామి ఆ చప్పుడు ద్వారా తనను చంపుడని ఎవరికో చెప్పుచున్నాడని అతడు నమ్మినాడు. తల్లి బీడీలు చుట్టునది. నాయొద్దకు తెచ్చినప్పుడు ఆమె "నిద్ర పడుతలేదు" అన్నది, అంతే. నేను గంజాయి మాట అడుగలేదు, నిద్రమాత్ర వ్రాసితిని. నాలుగు నెలల తరువాత అతడు కత్తెరతో తన చెవినే కోసికొనిన నాడు గాని ఆమె నోరు విప్పలేదు. ప్రభుత్వాసుపత్రికి పంపెదనన్నచో కొంగు నోట కుక్కుకొని, "కేసైతది సారు, పిల్లగాని బతుకు ఆగమైతది" అని ఏడ్చినది.

ఆమె భయము వట్టిది కాదు. 1985 నవంబరు 14న అమలునకు వచ్చిన మన మాదకద్రవ్యముల చట్టమున గంజాయి సేవించినందుకు ఆరునెలల వరకు జైలు, లేదా పదివేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండును. కిలోకు లోబడి దగ్గర దొరికిన ఏడాది వరకు. మన జిల్లాలలో పోలీసులిప్పుడు మూత్రమును పరీక్షించు పట్టీలతో తిరుగుచున్నారు. నిత్యము పీల్చువానిలో మానిన కొన్ని వారముల వరకును ఆ పట్టీ పట్టివేయును. విచిత్రమేమనగా అదే చట్టము పూతను, కాయను గంజాయి యని పట్టి, పూత కలియని ఆకును వదలినది. ఆ సందుననే ఉత్తరప్రదేశమునను రాజస్థానమునను ప్రభుత్వ లైసెన్సుతో భంగు దుకాణములు నడచుచున్నవి. నారకొరకు సాగును అనుమతించుటకు అదే చట్టమిచ్చు వేరొక వెసులుబాటును పట్టుకొని 2018లో ఉత్తరాఖండము జనుమును పోలిన ఆ పైరునకు అనుమతి నిచ్చినది. మన రాష్ట్రమున 2021లో, గంజాయి పండించు రైతునకు రైతుబంధు ఆపెదమని నాటి ముఖ్యమంత్రి ప్రకటించిరి. ఒకే దేశము, ఒకే మొక్క.

ఆ చట్టముననే 64ఎ అను సెక్షను ఒకటి కలదు. వ్యసనమునకు లోబడినవాడు, సేవించినందుకో స్వల్పపరిమాణమున ఉంచుకొన్నందుకో కేసు పడినవాడైనను, తనంత తాను ప్రభుత్వము నడుపు లేక గుర్తించిన ఆసుపత్రిలో మాన్పించుకొనుటకు చేరినచో అతనిని విచారణకు ఈడ్వరాదు; చికిత్సను నడుమ విడిచినప్పుడు మాత్రము ఆ రక్షణ తొలగవచ్చును. ఇదియును ప్రాయశ్చిత్త పత్రమే కదా! రుసుము లేనిది, ఆస్ట్రేలియా వారిదానికంటె మేలైనది. కాని ఆ తల్లికి అది తెలియదు. సిగ్గువిడిచి చెప్పుకొందును, అప్పటికి నాకును తెలియదు. ఆ సెక్షను గోడకు వ్రాసియుండగా నేను ఇంతవరకు ఏ ఆసుపత్రిలోను చూడలేదు. వేములవాడ తోవ పొడుగునను శిక్షల బోర్డులు మాత్రము చూచుచున్నాను.

గంజాయియే ఆ కుర్రవానిని పిచ్చివానిని చేసెనని నేను ప్రమాణము చేయజాలను. 1893-94లో నాటి ప్రభుత్వము నియమించిన గంజాయి సంఘము 1,193 మంది సాక్షులను విచారించి, పిచ్చాసుపత్రుల పుస్తకములను తిరుగవేసి, కారణమను గడిలో గంజాయి యని వ్రాసినవానిలో అనేకము వేరు కారణము తెలియక పోలీసులు పూరించినవని కనిపెట్టినది. మితముగా సేవించువారికి చెప్పదగిన హాని లేదని, నిషేధముకంటె పన్నును కట్టడియు మేలని తీర్పు చెప్పినది. నాయొద్దకు మోకాళ్లనొప్పులకై వచ్చు ఎనుబదియేండ్ల వృద్ధుడొకడు సిలుము పీల్చుచు ఆ సంఘమునకు సాక్షివలె కూర్చుండును. "నలుబై ఏండ్లసంది తాగుతున్న, నాకేమైంది సారూ?" అని అడుగును, దగ్గు తప్ప ఏమియు కాలేదని ఒప్పుకొనక తప్పదు. కాని అతని సిలుములోని ఆకు వేరు. అమెరికాలో 1995 నాటి గంజాయిలో మత్తుద్రవ్యము నూటికి నాలుగుపాళ్లు కాగా నేడు పదునైదు దాటినది. అట్టిది నిత్యము పీల్చువానికి మతి చలించు అపాయము పీల్చనివానికంటె సుమారు అయిదు రెట్లని 2019లో ఐరోపా, బ్రెజిలు వైద్యులు తేల్చిరి. దుకాణమున లైసెన్సుతో దొరకినంత మాత్రమున ఒంటికి మంచిదను భ్రమయు మనకు చెల్లదు. కల్లు చట్టసమ్మతమే, దానిలో ఆల్ప్రజోలము కలిపి అలవాటు చేసి, 2015లో ఆ కల్తీ ఒక్కసారి ఆగగా నిజామాబాదు, మహబూబ్‌నగరు పల్లెలనుండి వందలమంది మూర్ఛలతో, మతిభ్రమలతో ఆసుపత్రులకెక్కిరి.

సేవించువానిని నేరస్థుని వరుసలో నిలుపరాదని నా అభిప్రాయము. అమ్మువానిని విడువమని నేననను. అయితే చట్టము మారువరకు ఊరకుండనక్కరలేదు. ఉన్న చట్టమున ఉన్న తలుపును తెరచిన చాలు. ఆ సెక్షను సంగతి తెలిసికొన్న పిదప, సాంచాల కుర్రవానిని ప్రభుత్వాసుపత్రిలో చేర్పించుటకు నేను స్వయముగా వెంట పోయితిని. సెక్షను సంఖ్యను కాగితముపై వ్రాసి జేబులో పెట్టుకొని పోయితిని. అతడు ఆరునెలలు మందులు మ్రింగి ఇప్పుడు మరల సాంచాలపై ఉన్నాడు, పగటి డ్యూటీలో. అమెరికా పిల్లవాడు చదువు ముగించినాడని నానమ్మ చెప్పినది. ఆ కాగును బర్రెకు కుడితి పెట్టుటకు వాడుచున్నారట. సాంచాల కుర్రవాని తల్లి మాత్రము నేటికిని నా ఆసుపత్రి ముందు తలుపున రాదు. చీకటిపడిన తరువాత పెరటితోవన వచ్చి, మందుచీటిని రైక లోపల దాచుకొని వెళ్లిపోవును.