నాయన తలగడ కింది ధైర్యం

మ్యాగజీన్ అనగానే మీ చేతిలో వున్న యీ పత్రిక అనుకునేరు! నేను చెప్పబోయేది పిస్తోలు పిడిలో దూరే తూటాల పెట్టె సంగతి. రెండింటి పేరూ ఒకటే. కొట్టుగది అనే అర్థం గల అరబ్బీ మాట నుంచి వచ్చింది. మన ‘ఖజానా’ కూడా ఆ కుటుంబంలోదే. పత్రికలో కథలు దాస్తారు, పిస్తోలులో తూటాలు దాస్తారు. కథ నడుమ ఆగితే వచ్చే వారం దాకా ఓపిక పట్టవచ్చు. తూటా నడుమ ఆగితే అంత వ్యవధి వుండదు.

మాది మిర్యాలగూడ. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలిన తర్వాత మా చుట్టుపక్కల వరి పెరిగింది, వరి వెంట మిల్లులు పెరిగాయి. మా నాయన ఒక మిల్లు నడిపేవాడు. ధాన్యం బేరానికి నోట్ల సంచితో అచ్చంపేట, నాగర్‌కర్నూలు దాకా పోయేవాడు. అందుకని 1974లో లైసెన్సు తీసుకుని, రెండు మ్యాగజీన్లతో సహా ఒక పాత .32 పిస్తోలు కొన్నాడు. సైన్యం వాడే 9 మిల్లీమీటర్లది మామూలు పౌరులకు నిషేధం కనుక, మన దేశంలో చాలామంది కొనేది యీ .32 రకమే.

1985లో ఒక రాత్రి అచ్చంపేట నుంచి డిండి మీదుగా దేవరకొండ దారిన వస్తుంటే, రోడ్డుకు అడ్డంగా చెట్టు పడి వుందట. పక్కన నలుగురు మనుషులు. నాయన జీపు దిగి, పిస్తోలు చేతబట్టి నిలబడ్డాడు. పేల్చలేదు. వాళ్లు చీకట్లో కలిసిపోయారు. “ఆ రోజు నన్ను కాపాడింది యిదే” అని నాయన వందసార్లు చెప్పి వుంటాడు. ఆయన పోయేదాకా అది ఆ తలగడ కిందనే వుంది.

నాయన 2016లో పోయాడు. పిస్తోలు ఠాణాలో అప్పగించి, వారసుడిగా లైసెన్సు సంపాదించి విడిపించుకున్నాను. 2023 ఎన్నికలప్పుడు అందరిలాగే మళ్లీ అప్పగించి తెచ్చుకున్నాను. ఆ రోజు బీరువాలో పెడుతూ వుంటే ఒక సందేహం కలిగింది. ఇంతకూ యిది పేలుతుందా? ఎన్నడూ పేల్చగా నేను చూడలేదు. పేలని దాన్ని నమ్ముకోవడం కన్నా కర్రను నమ్ముకోవడం మేలు కదా!

పోలీసుల ఆయుధాలు బాగుచేసి రిటైరయిన పెద్దాయన ఒకరున్నారు. అనుమతి తీసుకుని, ఆయనను వెంటబెట్టుకుని ఫైరింగు మైదానానికి పోయాను.

“పిస్తోలు మంచిదేనా అన్నా?” అన్నాను.

“అట్ల అడగకు సారూ. ఏ మ్యాగజీన్‌తోని మంచిది అని అడుగు” అన్నాడాయన.

ముందు గొట్టంలో తూటా లేదని రెండుసార్లు చూసి, పిస్తోలు విప్పదీశాడు. నాయన పూసిన కొబ్బరినూనె లక్కలా పేరుకుపోయి వుంది. తుడిచి, కుట్టుమిషను నూనె రెండు చుక్కలు వేశాడు. మ్యాగజీన్లకు సుద్దతో ఒకటి, రెండు అని అంకెలు వేశాడు. నాయన నాటి తూటాలు పక్కన పెట్టించాడు. “పాత తూటాతోని ఆగిందనుకో, తప్పు తూటాదా తుపాకిదా ఎట్ల తెలుస్తది?” అన్నాడు.

నింపడంలోనూ వొక కిటుకుంది. జాన్ బ్రౌనింగ్ అనే అమెరికావాడు 1899లో తెచ్చిన తూటా యిది. దాని అడుగు అంచు ఒంటికన్నా కాస్త బయటికి వుంటుంది. పైదాని అంచు కిందిదాని అంచుకు వెనకపడితే రెండూ కొక్కెం వేసుకుని కదలవు. అందుకని ప్రతి తూటానూ వెనకటిదానికి కాస్త ముందుండేలా పెట్టాలి. ఒక్కో మ్యాగజీన్‌కు ఎనిమిది. నేను నోటుబుక్కులో రాస్తూ కూర్చున్నాను.

ఒకటో నెంబరుది ఎన్నో యేళ్లుగా పిస్తోలులోనే వున్నది. మొదటి తూటా పేలింది. రెండోది మూతి కిందికి వంచి గొట్టం అంచున ఇరుక్కుంది. తీసి మళ్లీ మొదలుపెడితే, అయిదోది ఆగింది. ఇంకోసారి నింపితే మళ్లీ రెండోదే ఆగింది. రెండో నెంబరు పెట్టాం. మూడుసార్లు నింపితే యిరవై నాలుగూ నిక్షేపంగా పేలాయి. అనుమానం తీరడానికి మళ్లీ ఒకటోది పెట్టాం. మళ్లీ రెండో తూటాయే! పెద్దాయన ఆ మ్యాగజీన్‌ను ఎండకు పట్టి చూపించాడు. తూటాను పట్టి వుంచే పై అంచు ఒకవైపు గోరంత లోపలికి వంగింది.

“అయితే రెండోదాన్ని నమ్మవచ్చునా?” అన్నాను.

“ఇరవై నాలుగుసార్లు ఆగలె. ఇరవై అయిదోది ఇంక పేలలె గద సారూ!” అని నవ్వాడు.

ఇంటికొచ్చి అమ్మతో చెప్పాను. అమ్మ బియ్యం చెరుగుతూ వుంది.

“గదా? గది మీ నాయన చేతిలకెల్లి జారి, మిల్లుల షాబాదు బండల మీద పడ్డది. ఎన్టీఆర్ మొదటిసారి గెలిచిన యేడు” అంది.

ఎన్టీఆర్ మొదటిసారి గెలిచింది 1983లో. చెట్టు అడ్డం పడింది 1985లో. నేను వేళ్ల మీద లెక్కపెట్టుకుని నిలబడిపోయాను. ఆ రాత్రి నాయన చేతిలో వున్నవి ఎనిమిది తూటాలు కావు, ఒక్కటి! ఎదురుగా నలుగురు! ఆయన తర్వాత ముప్ఫై యేళ్లు నిశ్చింతగా నిద్రపోయింది ఆ ఒక్క తూటా మీద!

“అమ్మా, ఆ రాత్రి పేల్చివుంటే...” అన్నాను.

అమ్మ చేట ఆపలేదు. “పేల్చలె గాబట్టే మీ నాయన ఇంటికొచ్చిండు. అడ్డం నిలవడ్డోళ్లు గూడ వాళ్ల యిండ్లకు వాళ్లు పోయిండ్రు” అంది.

మరుసటి నెలలో పిస్తోలు, రెండు మ్యాగజీన్లు, మిగిలిన తూటాలు అన్నీ అప్పగించి లైసెన్సు వదులుకున్నాను. పనికిరాదని కాదు సుమా! రెండో నెంబరుతో చక్కగా పనికొస్తుందని తెలిసింది కనుకనే. నాయన దాన్ని తలగడ కింద పెట్టుకుని నిద్రపోగలిగాడు. ఆ నోటుబుక్కు చదివిన నాకు అది సాధ్యం కాలేదు.