పడితే ఎవులు కొడతారు?



ఈ వారం విమానం గురించి రాస్తున్నాను. పుష్పక విమానం గురించి కాదు, దాని మీద మన తెలుగు శాఖల్లో కావలసినన్ని సెమినార్ పత్రాలున్నాయి. ‘వైమానిక శాస్త్రం’లోని విమానాలకు బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ వాళ్లు 1974లోనే లెక్కలు కట్టి, ఇవి ఎగరవని తేల్చేశారు. అయినా 2015 జనవరిలో ముంబై సైన్స్ కాంగ్రెస్‌లో మళ్లీ అదే పాట. నేను రాసేది నిజంగా ఎగిరేదాని గురించి. మా పేట గుంటలు ఎన్నికల బోర్డులతో చేసి, భావనపాడు ఒడ్డున ఎగరేస్తున్న రేడియో కంట్రోల్ ట్రైనర్ గురించి.

2024 మే ఎన్నికలయ్యాక సన్‌ప్యాక్ బోర్డులు ఇంకా స్తంభాలకు వేలాడుతూనే ఉన్నాయి. చూసే ఉంటారు, రెండు పలుచని ప్లాస్టిక్ రేకులు, మధ్యలో సన్నటి గాడులు. అట్టపెట్టె అట్టలాగే ఉంటుంది గాని తడవదు, విరగదు. వంగి మళ్లీ లేస్తుంది. బయటి దేశాల్లో ఈ రేకుతో విమానాలు చేసుకునేవాళ్లు చాన్నాళ్లుగా ఉన్నారు. వాళ్ల పద్ధతి పేరు స్పాడ్, ‘సింపుల్ ప్లాస్టిక్ ఎయిర్‌ప్లేన్ డిజైన్’. పాత ట్రైనర్లు బాల్సా కర్రతో చేసేవాళ్లు. బాల్సా తేలిక, చూడ్డానికి అందం. ముక్కు నేలకు తగిలిందా, నెల రోజుల పని పుల్లలు పుల్లలు. ప్లాస్టిక్‌ది బరువెక్కువ, దిగేటప్పుడు కాస్త వేగంగా దిగాలి. మా వాళ్లకు అందం తర్వాత సంగతి.

గాడులు రెక్క పొడవునా వచ్చేలా కోసి, వాటిలో వెదురు పుల్లలు దూరుస్తారు. ఈ రేకుకు జిగురు సరిగా పట్టదు కాబట్టి ప్లాస్టిక్ టైలు, టేపు. రెక్కను ఒంటికి రబ్బరు బ్యాండ్లతో మాత్రమే కడతారు. తెలివంతా అక్కడుంది. కూలినప్పుడు రబ్బరు సాగుతుంది, రెక్క ఊడి పక్కన పడుతుంది, విరగదు. రెక్కల చివర్లు కాస్త పైకి లేచి ఉంటాయి కనుక విమానం ఒరిగినా తనంతట తానే సర్దుకుంటుంది. రెక్క వెడల్పులో ముందంచు నుంచి నాలుగో వంతుకూ మూడో వంతుకూ మధ్య బరువు తూగాలి. రెండు వేళ్ల మీద నిలబెట్టి చూస్తారు, బ్యాటరీని జరిపి సర్దుతారు. ముక్కు బరువైతే బద్ధకంగా ఎగురుతుంది, తోక బరువైతే అసలు మాటే వినదు. మోటారు, చుక్కాని, ఎలివేటరు, ఈ మూడే అదుపులు. కష్టమల్లా విమానం మన ఎదురుగా వస్తున్నప్పుడు కుడిఎడమలు తారుమారు కావడం. ఏ రెక్క కిందికి పడుతోందో ఆ వైపే స్టిక్ నెట్టమని పిల్లలు నాకు నేర్పారు. పీహెచ్‌డీ దీనికేం పనికిరాలేదు.

గాలి సంగతి నేర్పింది మాత్రం వలలు బాగుచేసుకునే ఒక ముసలి తాత. పొద్దుట గాలి నేల మీంచి సముద్రం వైపు పోతుంది, మోటారు ఆగితే విమానం నీళ్లలోకే. ఎండెక్కాక సముద్రం మీంచి ఒడ్డుకు తిరుగుతుంది. ఆ రెండింటికీ మధ్య గాలి పడిపోయే కాసేపు ఉంది చూశారూ, అదీ వేళ. “ఇప్పుడొద్దు బావూ, గాలి పడనీ. మళ్లీ లెగిసీలోగా ఆడుకోండి,” అంటాడాయన. చుక్కాని అనే మాట పిల్లలు ఆయన దగ్గరే తీసుకున్నారు.

దీన్ని చేసిన కుర్రాడు డిప్లొమా రెండో ఏడాది. వాళ్ల కాలేజీ క్లబ్బులో బాల్సా విమానం ఉంది. “విరిగితే కట్టుకోవాలి” అనేది రూలు. అందరికీ ఒకటే రూలు! ఏడాదంతా వీడు విమానం మోశాడు, బ్యాటరీలు ఛార్జి పెట్టాడు, రిమోట్ పట్టుకోలేదు. కట్టగలిగినవాడు కూలుస్తాడు, కూల్చినవాడు నేర్చుకుంటాడు, ఏడాది చివర్న వాడికి ‘టాలెంట్’ ఉందంటారు. మెరిట్ మీద మనం చేసే వాదనలన్నిటికన్నా ఈ ఒక్క రూలు నాకు ఎక్కువ చెప్పింది.

మా అయ్య నౌపడ ఉప్పుమళ్లలో పనిచేసిన మనిషి. విమానం చూసి ఆయన ఎత్తు అడగలేదు, వేగం అడగలేదు. “పడితే ఎవులు కొడతారు?” అన్నాడు. ఎవరూ కొట్టరని చెబితే చాలాసేపు రెక్క వంచి, వదిలి, మళ్లీ వంచి చూశాడు.

రోహిత్ వేముల కార్ల్ సాగన్‌లా సైన్సు రచయిత కావాలనుకున్నాడు. 2016 జనవరి 17 తర్వాత అతని పేరు మన సభలన్నిటా ఉంది. ఆ సైన్సు మాత్రం తక్కువ వినిపిస్తుంది.

మొన్నొక పెద్దమనిషి బండి ఆపి, “ఎవుల గుంటలర్రా మీరు? ఇదెక్కడ ఎత్తుకొచ్చినారు?” అన్నాడు. ఊరు అడిగాడు, వీధి అడిగాడు, ఎందుకడిగాడో మనకు తెలుసు. తర్వాత పర్మిషన్ ఉందా అన్నాడు. చదువుకోసం, సరదాకోసం కంటిచూపు మేరలో ఎగరేసే 25 కిలోల లోపు మోడళ్లకు టైప్ సర్టిఫికెట్ అక్కర్లేదని 2021 డ్రోన్ నిబంధనలు చెబుతున్నాయి. కుర్రాడు ఫోన్లో ఆ పేజీ తీసి చూపించాడు. తర్వాత విమానం తిరగేసి రెక్క అడుగు చూపించాడు. అక్కడ ఆయన అభిమాన నాయకుడు రెండు చేతులూ జోడించి నవ్వుతున్నాడు. ఆయన బండి తీశాడు.

ఇప్పటికి పద్నాలుగు సార్లు కూలింది. ప్రొపెల్లర్లు పోయాయి, ఒక సర్వో పోయింది. రెక్క మొదటిదే. ఇసుక మోటారు బేరింగులోకి పోకుండా ప్రతిసారీ బ్రష్షుతో దులుపుతున్నారు. రిమోట్ ఇప్పుడు మా మేనకోడలి చేతికి వచ్చింది, తొమ్మిదో తరగతి. పద్నాలుగులో ఆరు తనవే.

వచ్చే ఆదివారం పొద్దున్నే ఒడ్డున ఉంటాం. వచ్చేవాళ్లు పాత బోర్డొకటి తెచ్చుకోండి. ఏ పార్టీదైనా పర్వాలేదు.