హ్యూస్టన్: ఎవరి పక్కన ఎవరైనా

అందమైన ఊరు చూద్దామని వస్తున్న అతిథులకు ముందే చెప్పేస్తున్నాం. హ్యూస్టన్‌లో కొండల్లేవు, సముద్రం చూడాలంటే కారులో గాల్వెస్టన్ దాకా పోవాలి, జులై ఉక్కపోత అచ్చం విజయవాడదే. 1836లో అలెన్ సోదరులిద్దరు బఫెలో బయూ అనే వాగు ఒడ్డున చిత్తడి నేల కొని, పత్రికల్లో ఊరించే ప్రకటనలిచ్చి ప్లాట్లు అమ్మారు. మనకి తెలియని వ్యాపారమా!

అమెరికాలోని పెద్ద నగరాల్లో, ఎక్కడ ఏం కట్టొచ్చో నిర్ణయించే జోనింగ్ చట్టం లేనిది ఇదొక్కటే. 1948లో, 1962లో, మళ్ళీ 1993లో ఓటింగు పెడితే జనం వద్దుపొమ్మన్నారు. అందుకే చర్చి పక్కన టైర్ల షాపు, దాన్నానుకుని పళ్ళ డాక్టరు, వెనకాల అపార్టుమెంట్లు కనిపిస్తాయి. చీరలు, మిఠాయిలు దొరికే హిల్‌క్రాఫ్ట్ ప్రాంతం 2010 నుంచి మహాత్మా గాంధీ డిస్ట్రిక్ట్. ఈ స్వేచ్ఛంతా మంచికే అని చెప్పం. పేదల ఇళ్ళ పక్కన కాంక్రీటు ప్లాంట్లు వెలిసింది కూడా ఈ ఊళ్ళోనే. కానీ అద్దె తక్కువగా దొరికిన మూలల్లో కొత్తగా వచ్చినవాళ్ళు పొయ్యి వెలిగించుకోగలిగారు.

అలా పుట్టిన వంటే వియత్నామీ-కేజన్ క్రాఫిష్. 1975లో దక్షిణ వియత్నాం రాజధాని సైగాన్ పతనమయ్యాక శరణార్థులుగా వచ్చిన వియత్నామీయుల్లో చాలామంది గల్ఫ్ తీరంలో రొయ్యల వేటకి దిగారు. స్థానిక జాలర్లకి కంటగింపయింది. తెల్లజాతి దురహంకార సంస్థ కూ క్లక్స్ క్లాన్ రంగంలోకి దిగి బెదిరించింది. వియత్నామీయులు బెదరలేదు, హ్యూస్టన్ ఫెడరల్ కోర్టుకెక్కి 1981లో క్లాన్ ఆగడాలు ఆపించారు. ఆ తర్వాత వాళ్ళ హోటళ్ళు పొరుగు రాష్ట్రం లూసియానాలోని కేజన్ వంటకం మీద చెయ్యి వేశాయి. అక్కడివాళ్ళు క్రాఫిష్‌ని, అంటే రొయ్యకీ పీతకీ మధ్యరకంగా ఉండే మంచినీటి జీవిని, ఉప్పూకారం మసాలా నీళ్ళలో ఉడికించి అలాగే తినేస్తారు. వీళ్ళు ఉడికినదాన్ని తీసి, దండిగా వెల్లుల్లి వేసి కాచిన వెన్నలో పొర్లించారు. కొందరు నిమ్మగడ్డి, నారింజ కూడా వేస్తారు.

బెల్లెయిర్ బులెవార్డ్ మీద వియత్నామీ, చైనీస్ బోర్డుల మధ్య ఈ హోటళ్ళుంటాయి. క్రాఫిష్ తల మెలితిప్పి విరిచి, అందులోని రసం జుర్రి, తోక పొట్టు వలిచి తినాలి. గోదావరి జిల్లాలవాళ్ళకి నేర్పనక్కర్లేదు. వేళ్ళ నుంచి మోచేతి దాకా వెన్న కారుతుంది, పట్టుచీరతో మాత్రం వెళ్ళకండి. సీజను సంక్రాంతి తర్వాత మొదలై జూన్‌కల్లా ముగుస్తుంది కాబట్టి ఫోన్ చేసి కనుక్కుని బయల్దేరండి.

దొరక్కపోతే నావిగేషన్ బులెవార్డ్‌లోని ఒక హోటల్లో ఫహీటాలున్నాయి, అంటే మెక్సికన్ రొట్టెల్లో చుట్టుకుని తినే కాల్చిన మాంసం. 1973లో నిన్ఫా లారెంజో అనే వితంతువు, మూతబడే స్థితిలో ఉన్న తమ టోర్టియా (మెక్సికన్ రొట్టెల) ఫ్యాక్టరీ ముందు పది బల్లలేసి మొదలుపెట్టిన హోటలది.

గుడికి వెళ్ళేవాళ్ళకి పియర్‌ల్యాండ్‌లో మీనాక్షి ఆలయం ఉంది. మదురై అమ్మవారి గుడిలో సుందరేశ్వరుడితో పాటు వేంకటేశ్వరుడు కూడా కొలువున్నాడేమిటని మనవాళ్ళు అడుగుతుంటారు. మదురై కథలో అమ్మవారికి కన్యాదానం చేసిన అన్న విష్ణువే కదా, శివుడికి స్వయానా బావమరిది! శని, ఆదివారాల్లో పొద్దున్నే వెళితే పార్కింగు తిప్పలుండవు.