వంగిన ఓకు దూలములు

ఇంగ్లండు దేశమున చెషైరు మండలమందు, అగడ్త నడుమ లిటిల్ మోర్టన్ హాల్ అను ప్రాచీన గృహమొకటి కలదు. దానిని క్రొత్తగా చూచువారు అది నేడో రేపో కూలునని తలంతురు. గోడలు వంగినవి; కిటికీలు ఒరిగినవి.

16వ శతాబ్ది ఆరంభమున మోర్టన్ వంశీయులు దీనిని కట్టింప మొదలిడిరి. ఓకు దూలములతో చట్రము నిలిపి, నడిమి ఖాళీలను తడికలతోను మట్టిపూతతోను నింపిరి. 1559లో రిచర్డ్ డేల్ అను వడ్రంగి లోపలి ముంగిలి వైపు పెద్ద కిటికీలను అమర్చి, వానిపై యజమాని పేరుతోపాటు తన పేరును గూడ చెక్కెను. పనివాని పేరు ఇట్లు నిలుచుట అరుదు గదా!

పిమ్మట దక్షిణ భాగముపై 68 అడుగుల పొడవుగల మందిరమొకటి చేర్చిరి. వానదినములలో ఇంటివారు అందు పచార్లు చేసెడివారు, ఆటలాడెడివారు. దాని గోడపలకల వెనుక పూర్వకాలపు టెన్నిసు బంతులు దొరకినవి. ఆటస్థలము బాగుగనే యున్నది గాని, కప్పునకు పరచినవి బరువైన రాతిపలకలు! క్రింది చట్రము అంతటి భారమునకై కట్టినది కాదు. ఇటుకగోడ యైనచో పగిలి యుండెడిది. కొయ్యమేకులతో బిగించిన ఓకు విరుగక వంగెను.

17వ శతాబ్దపు అంతర్యుద్ధమున ఆ వంశము అప్పులపాలయ్యెను. ఇల్లు కౌలురైతుల పాలయ్యెను. క్రొత్త తీరున తిరిగి కట్టించుటకు ధనము లేనందుననే పాత రూపము మిగిలెను. 19వ శతాబ్ది చివర మందిరమునకు ఉక్కు కడ్డీలు బిగించిరి. 1938లో గృహము నేషనల్ ట్రస్టునకు చేరెను. నేడు అందు నడచువారు నేల మిట్టపల్లములను పాదములతోనే తెలిసికొందురు.