అమ్మీకి మూడు పేర్లు

జమాబందీ, తహసీల్దారు, దస్తావేజు. తెలంగాణ కచేరీల్లో సగం మాటలు మా ఇంటి జబాన్ నుంచి వచ్చినవే. మా పేర్లు రాయడానికే అక్కడ చేయి తిరగదు.

ఉర్దూలో మా అమ్మీ పేరు ఒక్కటే. రేషన్ కార్డులో చివర 'బీ' అయింది, ఓటరు లిస్టులో 'బేగం', ఆధార్‌లో 'ఉన్నీసా'. కలం పట్టిన గుమాస్తా ఉన్న రోజుల్లో "ముగ్గురూ ఈమే సాబ్" అంటే తలూపేవాడు. కంప్యూటర్‌కు సాక్ష్యం చెప్పేదెవరు? పింఛను ఆగింది.

2010లో తొలి ఆధార్ నంబరు మహారాష్ట్రలోని టెంభ్లీ అనే ఆదివాసీ ఊళ్లో ఇచ్చారు. ఏ కాగితమూ లేని బీదలకు ఇదే గుర్తింపన్నారు. 2016 చట్టం మతం, కులం అడగొద్దంది. మంచిదే. కానీ అడగాల్సిన పనేముంది? మా పేరే చెబుతుంది.

2018లో సుప్రీంకోర్టు బ్యాంకు ఖాతాకూ ఫోనుకూ ఆధార్ తప్పనిసరి కాదంది, సబ్సిడీలకు మాత్రం అడగొచ్చంది. అంటే ఉన్నాయన కొన్నిచోట్లయినా వద్దనొచ్చు. రేషన్ బియ్యం మీద బతికే ముసలమ్మ అనలేదు.

ఆధార్ పౌరసత్వానికి రుజువు కాదని కూడా ఆ చట్టమే అంటుంది. 2019లో పౌరసత్వ చట్టాన్ని సవరించాక మా బస్తీలో ట్రంకు పెట్టెలు దింపి, కాగితాల్లో అక్షరం అక్షరం సరిచూసుకున్నారు. మీ కార్డులో ఒక అక్షరం పోతే అచ్చుతప్పు. మా కార్డులో పోతే, మేమెవరమో మళ్లీ మొదటినుంచీ చెప్పుకోవాలి.