మొర వినబడినదని తెలియుట

హైటెక్ సిటీ అద్దాల మేడలలో పనిచేయు యౌవనస్థులను, "దారి తప్పిపోయిన యెడల ఏమి చేయుదురు?" అని అడిగి చూడుడి. అందరును సెల్‌ఫోను తీసి చూపుదురు. టవరు ఉన్నంతవరకే అది మాటలాడునని వారు ఎరుగనిది కాదు. టవరు లేని చోట తామెన్నడైన నిలువవలసి వచ్చునని మాత్రము వారికి తోచదు.

2009 సెప్టెంబరు 2వ తేది ఉదయమున ఈ నగరపు బేగంపేట నుండియే ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డిగారు, మరి నలుగురు హెలికాప్టరులో చిత్తూరు జిల్లాకు బయలుదేరిరి. గంట నిండకమునుపే వారి మాట ఆగిపోయినది. నల్లమల అడవిలో వర్షము. మరునాటి ఉదయమున పావురాలగుట్ట మీద శకలములు కనబడువరకు రాష్ట్రమంతయు నిద్ర లేక కనిపెట్టుకొని యుండెను.

ఇటువంటి ఆపదల కొరకే ఒక చిన్న యంత్రమున్నది. విమానము నేలను ఢీకొనగానే అది తనంతట తానే మేలుకొని 406 మెగాహెర్ట్జ్‌లో ఆకాశమునకు మొరపెట్టును. ఉపగ్రహములు ఆ మొరను పట్టి భూమికి అందించును. 1982 సెప్టెంబరులో కెనడాలో కూలిన చిన్న విమానములోని ముగ్గురు ఈ విధముగానే మొదట రక్షింపబడిరి. మన దేశములో ఆ మొరలు బెంగుళూరులోని ఇస్రో కేంద్రమునకు చేరును. ప్రతి యంత్రమునకును ఒక సంఖ్య యుండును. సొంతదారుడు దానిని తన పేర నమోదు చేయింపవలెను. చేయింపనివాడు, చిరునామా లేని ఇంటి నుండి కేక వేయువాని వంటివాడు.

అయితే దెబ్బకు దాని యాంటెన్నా తెగినను, మంటలలో కాలినను అది మూగదగును. ఆ దినమున ఏ సంకేతమును వెదకువారిని ఆ గుట్టకు నడిపింపలేదు. నడిపించినను ప్రాణములు నిలిచియుండెడివని చెప్పజాలము. కాని ఆ యైదు ఇండ్లవారికి ఆ రాత్రి అంత దీర్ఘముగా ఉండెడిది కాదు. కనబడకపోయినవాని ఇంటివారి యొద్ద కూర్చుండిన ఏ పాదిరికైనను ఈ మాట అర్థమగును.

ఇక సముద్రపు సంగతి. వేటకు పోవు మన జాలరుల కొరకు ఇస్రో వారు చేసిన పెట్టె 2010 నుండి వాడుకలో నున్నది. పడవ మునుగుచున్నను, నిప్పంటుకొన్నను మీట నొక్కిన చాలును. కబురు బెంగుళూరుకు, అచ్చటనుండి తీరరక్షక దళమునకు పోవును. అయితే అందులో ఒక లోటుండెను. నొక్కినవానికి జవాబు రాదు. అలల నడుమ, చీకటిలో, తన మొర ఎవరికైన వినబడెనో లేదో ఎరుగక అతడు కూర్చుండవలెను. ఎన్ని గంటలు? అతనికే తెలియదు. మునుగుటకంటె ఆ సందేహమే భారమని నాకు తోచును.

2024లో వచ్చిన క్రొత్త పెట్టె ఈ లోటు తీర్చినది. "మీ మొర అందినది" అను జవాబు పడవకు తిరిగి వచ్చును. ఫోనుకు జతపరచినచో కబుర్లను స్వభాషలోనే చదువుకొనవచ్చును. తుపాను హెచ్చరికలును, చేపలు దొరకు తావుల వివరములును దాని ద్వారానే అందును. ఆ తావులను గుర్తించి తెలుపువారు ఎచ్చట నున్నారనుకొంటిరి? సముద్రపు గాలియైన సోకని మన ప్రగతినగర్‌లో, ఇన్‌కాయిస్ అను సంస్థలో!

కాకినాడలోనో నిజాంపట్నములోనో మీ వారెవరైన వేటకు పోవుచున్నయెడల, పడవలో ఆ పెట్టె యున్నదా, దాని బ్యాటరీ గడువు ఎప్పటివరకు అని ఈ వారమే ఉత్తరమైనను వ్రాయుడి, ఫోనైనను చేయుడి.